హోటల్ శిక్షణ అంటే గ్లాసులు తుడవడమేనా?

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ ఫలితాలు రాగానే ఇంజినీరింగ్ సీట్ల గురించి సాగే చర్చలో పదో వంతైనా హోటల్ మేనేజ్‌మెంట్ చదువుల గురించి సాగదు. జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష రాసి హైదరాబాద్ విద్యానగర్‌లో ఉన్న సంస్థ వంటి ప్రభుత్వ సంస్థల్లో బీఎస్సీ చేయవచ్చునన్న సంగతి జిల్లాల్లోని తల్లిదండ్రులు చాలామందికి తెలియదు. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, ఆంధ్రప్రదేశ్ 2024 విధానంలో పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. అయినా శిక్షణ నాణ్యతను పట్టించుకునేవారు తక్కువ.

అసలు లోపం చదువులో భాగంగా హోటల్‌లో చేయించే పారిశ్రామిక శిక్షణలో ఉంది. ఫ్రంట్ ఆఫీస్ (అతిథులను ఆహ్వానించి గదులు కేటాయించే చోటు), హౌస్‌కీపింగ్, వంటశాల, సర్వీస్ విభాగాలన్నింటిలోనూ విద్యార్థిని తిప్పాలన్నది దాని ఉద్దేశం. మా అబ్బాయిని పంపిన ఒక పెద్ద హోటల్‌లో మాత్రం పెళ్లిళ్ల సీజన్ అంతా బాంక్వెట్ హాలు వెనుక గ్లాసులు తుడిపించి, రాత్రి ఒంటిగంటకు వదిలి, శిక్షణ వివరాలు నమోదు చేసే లాగ్‌బుక్‌లో అన్ని విభాగాలకూ ఆఖరి రోజున ఒకేసారి సంతకాలు పెట్టారు. గ్లాసు తుడవడం నామోషీ కాదు, ఆ పనీ రావలసిందే. కానీ అతిథికి గది కేటాయించడమెలాగో చూడకుండానే వాడు పట్టా పుచ్చుకున్నాడు.

కళాశాలలు శిక్షణ మధ్యలో అధ్యాపకుణ్ణి హోటల్‌కు పంపి విద్యార్థితో విడిగా మాట్లాడించాలి. ఏ హోటల్ ఎంత స్టైపెండ్ ఇస్తున్నదో, ఎన్ని గంటలు పని చేయిస్తున్నదో ప్రవేశాలకు ముందే నోటీసు బోర్డులో పెట్టాలని పర్యాటక శాఖ ఆదేశించాలి.

– ఒక విద్యార్థి తండ్రి, హనుమకొండ