పదమూడవ సవరణ చదివిన ఏడాది: మన సంఘం 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే బాగా జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి విడిగా పంపారు. ఈ నివేదికలో ఎక్కువ చోటు జూన్‌లో మొదలుపెట్టిన చదువు కార్యక్రమానికే ఇస్తున్నాను. అమెరికాలో బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణకు డిసెంబర్ 6తో 160 ఏళ్లు నిండాయి. హ్యూస్టన్ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కున్న మనకు ఆ చరిత్ర మన వీధి చివరే ఉందని తెలియదు. నాకైతే అసలే తెలియదు.

జూన్ 19న టెక్సాస్ తీరంలోని గాల్వెస్టన్ వెళ్లాం. 1865లో, అమెరికా అంతర్యుద్ధం ముగిశాక, అదే రోజున అక్కడ ప్రభుత్వ సేనల జనరల్ గోర్డన్ గ్రేంజర్ ఉత్తర్వు వెలువడింది. టెక్సాస్‌లో బానిసలుగా ఉన్న సుమారు 2,50,000 మందికి విముక్తి వర్తిస్తుందని ప్రకటించింది అదే. అధ్యక్షుడు లింకన్ విముక్తి ప్రకటన అమల్లోకి వచ్చి అప్పటికే రెండున్నరేళ్లు! పైగా ఆ ప్రకటన యుద్ధకాలపు ఆజ్ఞ, తిరుగుబాటు ప్రాంతాలకే పరిమితం. తిరుగుబాటులో లేని కెంటకీ, డెలావేర్ రాష్ట్రాల్లో డిసెంబర్ దాకా మనుషులు ఆస్తిగానే ఉన్నారు. వాళ్ల సంకెళ్లు తెగింది సవరణతోనే.

ఆగస్టులో సవరణ పాఠం తెలుగులో చెప్పుకుంటూ చదివాం. ఉన్నది రెండు సెక్షన్లే. మొదటి దాంట్లోనే ఒక మినహాయింపు: నేరం రుజువైతే, శిక్షగా తప్ప బానిసత్వం ఉండకూడదని. ఆ మాట దగ్గర గంటసేపు ఆగిపోయాం. ఎందుకంటే హ్యూస్టన్ పక్కనున్న షుగర్ ల్యాండ్ ఊరి కథంతా అందులోనే ఉంది. యుద్ధం తర్వాత ఇక్కడి చెరకు తోటలకు కూలీలు కావాల్సి వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం ఖైదీలను, ఎక్కువగా నల్లజాతివాళ్లను, కౌలుకిచ్చింది. 2018లో స్కూలు భవనం కోసం తవ్వుతుంటే అలాంటి 95 మంది అవశేషాలు బయటపడ్డాయి. ఒకరు తప్ప అందరూ పురుషులే. చట్టం విడిపించిందని చెప్పిన జనాన్నే చట్టం మళ్లీ చెరకు గట్ల మధ్యకు తోలింది. సెప్టెంబరులో ఆ సమాధుల దగ్గర నిలబడినప్పుడు మా పిల్లలు ఒక్క మాటా మాట్లాడలేదు.

ఆ రోజు నల్లగొండ నుంచి కూతురి దగ్గరికి వచ్చిన ఒక పెద్దమ్మ, "మా నాయన దొర గడీకి కట్టెలు మోసేటోడు, కూలి అడిగితే కొరడానే" అన్నారు. మన భారత రాజ్యాంగం 23వ అధికరణ వెట్టిని నిషేధించింది, కానీ వెట్టి కట్టుబాటును రద్దు చేసే చట్టం 1976 దాకా రాలేదు. రెండూ ఒకటేనని నేననను. అమెరికాలో మనిషిని, పుట్టబోయే బిడ్డనూ సంతలో అమ్మారు. కానీ కాగితం మీది మాట గడప దాకా రావడానికి పట్టే కాలం ఆమెకు మాకన్నా బాగా తెలుసు.

సవరణ రెండో సెక్షన్‌ను తేలిగ్గా తీసుకోకండి. అమలుకు చట్టాలు చేసే అధికారం కాంగ్రెస్‌కు, అంటే అమెరికా చట్టసభకు, ఇచ్చిందదే. రంగు చూసి ఇల్లు అమ్మననడం చెల్లదని 1968లో జోన్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఈ సవరణ ఆధారంగానే. మనం సంతకాలు పెట్టి తాళాలు తీసుకున్న ఇళ్ల వెనక ఆ పోరాటం ఉంది.

వచ్చే ఏడాది 14వ సవరణ చదువుదాం. జూన్‌లో మళ్లీ గాల్వెస్టన్ ప్రయాణం ఉంటుంది. కారులో ఖాళీ సీట్లున్నవాళ్లు, తెలుగులో చదివి వినిపించగలిగేవాళ్లు మే నెలలోగా కార్యదర్శికి పేరివ్వండి.