సకినాలు చాయ్‌లో నానబెట్టుకుని తింటున్నాను

లెస్టర్,
ఆదివారం రాత్రి

అమ్మా,

మొన్న వీడియో కాల్‌లో "మూతి బిగించుకుని మాట్లాడుతున్నవేంది, కోపమా?" అన్నావు కదా. కోపం కాదు. పళ్ళకి క్లిప్పులు వేయించుకున్నాను, రెండు నెలలైంది. పన్ను మీద పన్ను ఉంటే అదృష్టమని నువ్వంటావు, అందుకే చెప్పడానికి జంకాను. ఆ సందులోకి బ్రష్ దూరేది కాదు, చిగుళ్ళు వాచి రక్తం వచ్చేది. అంత అదృష్టం నాకొద్దు.

మొదటి వారం పప్పుచారన్నమే. నొప్పి తగ్గగానే నువ్వు పంపిన సకినాల డబ్బా తీశాను. కటుక్కున కొరికితే పంటికి అతికించిన బుల్లి బిళ్ళ, బ్రాకెట్ అంటారు, ఊడి వైరు మీద పూసలా అటూ ఇటూ జారింది. మళ్ళీ అతికించేదాకా చెంపకు గుచ్చుకోకుండా మైనం అద్దుకున్నాను. ఇప్పుడు సకినాలు చాయ్‌లో నానబెట్టుకుని తింటున్నాను. చూస్తే తిడతావు.

పళ్ళు తోమడం నాకొచ్చనే అనుకున్నాను. డాక్టరమ్మ ఒక మాత్ర నమలమంది. నమిలి, పుక్కిలించి అద్దంలో చూస్తే ప్రతి బ్రాకెట్ చుట్టూ ముదురు గులాబీ రంగు! పాచి మిగిలిన చోటే ఆ రంగు పడుతుందట. దాన్ని అలాగే వదిలేస్తే పన్ను కరిగి తెల్లమచ్చలు పడతాయి. క్లిప్పులు తీశాక వరస బాగుంటుంది, మచ్చలు మిగులుతాయి. అప్పటినుంచి వైరుకు పైన ఒకసారి, కింద ఒకసారి బ్రష్ వాల్చి తోముతున్నాను. సీసాలు కడిగే బ్రష్‌కి పిల్లలాంటి బుల్లి బ్రష్ ఒకటుంది, దాన్ని వైరు కిందికి దూరుస్తాను. ఆ తర్వాత దారం. నువ్వు జాకెట్లు కుట్టేటప్పుడు సూదిలోకి ఎక్కించినట్టు, ప్రతి సందులోనూ వైరు కిందనుంచి ఎక్కించి లాగాలి. మొదట్లో అరగంట పట్టేది.

ఇంకో సంగతి, భయపడకు. ఇక్కడి పేస్టు మీద ఫ్లోరైడ్ 1450 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 1450 పాళ్ళు, అని ఉంది. మన నల్లగొండ నీళ్ళలో అదే లెక్కన 1.5 దాటితేనే ప్రమాదమంటారు కదా, నా గుండె గుభేల్మంది. నాయన పళ్ళ మీది గోధుమరంగు చారలు, నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకోవడం గుర్తొచ్చాయి. డాక్టరమ్మను అడిగేశాను. నాయన పళ్ళు ఇంకా లోపల తయారవుతున్న వయసులో రోజూ ఆ బావినీళ్ళే తాగాడు, చారలు అలా వచ్చినవి. నేను పేస్టు మింగను, ఉమ్మేస్తాను. పైన అంటుకున్న ఆ కాస్తే పన్ను కరగకుండా కాపాడుతుంది. అందుకే తోమాక నీళ్ళతో పుక్కిలించొద్దన్నారు. అదొక్కటే నాకింకా మింగుడుపడలేదు, నాలుగుసార్లు పుక్కిలిస్తేగానీ తోమినట్టుండదు. అన్న కొడుక్కి మాత్రం బఠాణీ గింజంత పేస్టే పెట్టు, మింగకుండా చూడు.

పసుపు సంగతి చెప్పలేదు కదూ. వైరును పట్టి ఉంచే రబ్బరు రింగులు కనబడకూడదని రంగులేనివి పెట్టించుకున్నాను. ఒక్కసారి మామిడికాయ పప్పు వండుకున్నానో లేదో పసుప్పచ్చగా అయ్యాయి. ఎంత తోమినా పోలేదు. ఈసారి మార్చేటప్పుడు నీలంవి అడిగాను.

వచ్చే పార్సిల్‌లో సకినాలు, మురుకులు వద్దు. రవ్వ లడ్డూలు పంపు, తొక్కు పంపు. వచ్చే ఆదివారం కాల్‌లో నోరు తెరిచే మాట్లాడతాను. నాయనను కూడా చెయ్యి తీసి నవ్వమను.

నీ బిడ్డ