ఓటు వేయనన్న బిడ్డకు

చిరంజీవి వెన్నెలకు నాయిన ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నీ ఉత్తరం అందింది. ఫోనులో అయితే మనిద్దరం ఒకరి మాట ఒకరం మధ్యలోనే తుంచేస్తామని, కాగితం మీద అయితే చివరిదాకా వినక తప్పదని నువ్వు రాసింది నిజం. అందుకే నేనూ కాగితమే పట్టుకున్నాను. పంచాయతీ ఎన్నికలకు ఊరికి రానని, ఇకమీదట ఏ ఎన్నికలోనూ ఓటు వేయనని, ఎవరి మీదా పెత్తనం చేయకుండా, ఎవరి పెత్తనానికీ తలవంచకుండా బతకడమే నీకు చేతనైన రాజకీయమని రాశావు. నలుగురు స్నేహితులు కలిసి ఉంటున్న ఆ అద్దె ఇంట్లో వంటా ఖర్చూ పనీ ఎవరూ ఎవరికీ ఆజ్ఞ ఇవ్వకుండా సాగుతున్నాయని చదివి మీ అమ్మ నవ్వింది. ఆ నవ్వులో మెచ్చుకోలు ఎంత, నా మీద ఎత్తిపొడుపు ఎంత అనేది నేను అడగలేదు.

ముందుగా ఒక మాట. పత్రికలు బస్సులు తగలబెట్టడాన్ని అరాచకం అంటాయి. నువ్వు రాసింది అరాజకం, అంటే రాజు లేకపోవడం. ముప్పయ్యేళ్ళు తెలుగు పంతులుగా పనిచేసినవాణ్ణి, ఆ ఒక్క అక్షరం తేడాను నీకంటే ముందు నేను పట్టుకోవలసింది. దశరథుడు కన్నుమూశాక, రాజు లేని దేశంలో మేఘం వర్షించదని, పిడికెడు విత్తనమైనా చల్లరని మునులు వసిష్ఠుడితో చెప్పిన శ్లోకాలు అయోధ్యాకాండలో ఉన్నాయి. మన నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు రాజులు ఉన్నప్పుడూ వానలు అంతంతమాత్రమే కనుక ఆ వాదం మన మీద పెద్దగా పనిచేయదు.

ఓటు వేసేవాణ్ణి ఆ ఓటే లోపలికి లాగేసుకుంటుందన్న నీ ప్రధాన ఆక్షేపణను తేలికగా కొట్టిపారేయలేను. తనను తాను అరాజకవాదినని మొట్టమొదట చెప్పుకున్న ప్రూధాన్ 1848లో ఫ్రాన్సు జాతీయ సభకు ఎన్నికయ్యాడు. ఆ సభ లోపల కూర్చున్నవాడికి బయటి దేశం కనపడకుండా పోతుందని తరువాత తానే రాసుకున్నాడు. స్పెయిన్ సంగతి ఇంకా బాధాకరం. ప్రభుత్వాలనే ఒప్పుకోని కార్మిక సంఘం నుంచి 1936 నవంబరులో నలుగురు మంత్రులయ్యారు. వారిలో ఆరోగ్యశాఖ తీసుకున్న ఫెడెరికా మాంట్సెనీ ఆ దేశానికి తొలి మహిళా మంత్రి. ఆరు నెలలు తిరిగేసరికి, 1937 మే నెలలో, బార్సిలోనా వీధుల్లో తమ సంఘం కార్మికులే అడ్డుకట్టలు కట్టి పోరాడుతుంటే, ఆయుధాలు దించమని రేడియోలో వారికి చెప్పవలసిన పని ఆమె మీద, ఆమె తోటి మంత్రి మీద పడింది. కుర్చీ ఎవరిదైనా అది చేయించే పని అదే అని నువ్వు అంటావు. నేనూ కాదనను.

కాదనకపోవడానికి నా సొంత కారణం ఒకటి ఉంది, అది నీకు ఇంతవరకు చెప్పలేదు. ఒక పంచాయతీ ఎన్నికలో నామినేషన్లు తీసుకునే అధికారిగా నన్ను వేశారు. ఆ ఊళ్ళో సర్పంచి పదవిని గుడి ముందర వేలం వేశారని చుట్టుపక్కల అందరికీ తెలుసు. నా బల్ల మీదకు ఒక్క నామినేషనే వచ్చింది. రెండోది వేయాలని ఒక ఆమె కాగితాలు చేతపట్టుకొని బడి గేటు దాకా వచ్చి, అక్కడ నిలబడి ఉన్న మనుషులను చూసి వెనక్కి తిరిగింది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. గడువు ముగిశాక పత్రాలన్నీ సక్రమంగా ఉన్నాయని రాసి, ఏకగ్రీవమని ప్రకటించి సంతకం చేశాను. మరునాడు ఆ ఊరి ఐకమత్యాన్ని అందరూ మెచ్చుకున్నారు. నువ్వు ఎన్నికను నాటకం అన్నప్పుడల్లా నేను గొంతు పెంచి మాట్లాడింది ఆ కిటికీ గుర్తుకు వచ్చినందుకే.

అయితే అదే కిటికీ నీ వాదానికి కూడా అడ్డం వస్తుంది, బిడ్డా. ఆమెను వెనక్కి పంపింది ప్రభుత్వం కాదు, ఊరు. నీ ఉత్తరంలో పెత్తనం అంటే ఎంతసేపూ సర్కారే కనపడింది. దొర గడి, కులపెద్దల కచ్చేరి, ఇంటి మగవాడి గుడ్లురుము కనపడలేదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో గ్రామాలను తలకెత్తుకున్న వారికి అంబేద్కర్ చెప్పిన జవాబు ఇదే కదా. సర్కారు తప్పుకున్నంత మాత్రాన మన ఊళ్ళు అరాజకం కావు, పాత రాజులు తిరిగి వస్తారు. మన చెరువు కింద నీళ్ళు పారించిన నీరటికాడు, వంతులవారీగా బదులుకు పోయి నాట్లు వేసిన ఆడవాళ్ళు, వీళ్ళను చూసి పరస్పర సహాయమని రష్యా అరాజకవాది క్రొపోట్కిన్ మురిసిపోయి ఉండేవాడేమో. కానీ అందరి మడులకూ నీళ్ళు పెట్టిన ఆ నీరటికాడి ఇంటివాళ్ళు ఊరి బావిలో చేద వేయడానికి వీలులేని రోజులను మీ నాయనమ్మ కళ్ళారా చూసింది.

ఆ పాత రాజులను మన జిల్లా ఒకసారి నిజంగానే దించింది. 1946 నుంచి సంఘం, అంటే ఆంధ్ర మహాసభ, పల్లెపల్లెనా పెరిగి, వెట్టిని ఆపి, అప్పు పత్రాలు కాల్చి, భూములు పంచి, తగాదాలు తానే తీర్చిన కాలం అది. అది కమ్యూనిస్టుల నాయకత్వంలో నడిచింది కనుక నీ పుస్తకాల్లో అరాజకవాదమని ఒప్పుకోరు. పోలీసు చర్య తరువాత సైన్యం వచ్చింది, 1951లో పోరాటం విరమించారు. మరుసటి ఏడాది నల్లగొండ ప్రజలు ఆ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూకు వచ్చినవాటికంటే ఎక్కువ ఓట్లు వేసి పార్లమెంటుకు పంపారు. ఇది వారు ఓడిపోయి రాజీపడడమని నువ్వు అనవచ్చు. పంచుకున్న భూమిని కోల్పోయి, చేతిలో మిగిలిన ఒకే ఒక్క పనిముట్టును కసిగా వాడుకున్నారని నేను అనుకుంటాను.

అదే 1951లో, ఏప్రిల్ 18న, మన పక్కనే ఉన్న పోచంపల్లిలో వినోబా ఎదుట దళితులు ఎనభై ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్నారు. శాసనం అక్కరలేని సమాజం వినోబా కల. నీ దారికి చాలా దగ్గర మనిషి, ఎన్నికల జోలికే పోలేదు. అయినా దానంగా వచ్చిన భూమి దున్నేవాడిది కావాలంటే పట్టా కావాలి, పట్టాకు తహసీలు కావాలి, చివరికి 1965లో భూదానానికి కూడా ఒక చట్టం కావలసి వచ్చింది. హైదరాబాదు పెరిగి నేల ధర ఆకాశానికి అంటాక ఆ భూముల మీద ఎన్ని తగాదాలు నడిచాయో నువ్వు అక్కడే ఉండి చూస్తున్నావు. మనసు మారిన మనిషి ఇచ్చింది నిలబెట్టుకోవడానికి ఇంకెవరో ఒకరు కచేరీల చుట్టూ తిరగవలసి వచ్చింది.

ఇక అసలు నేను చెప్పదలచుకున్నది. నీ పళ్ళు తెల్లగా ఉంటాయి. నా పళ్ళ మీది గోధుమ చారలను చూసి చిన్నప్పుడు నువ్వు నన్ను ఆటపట్టించేదానివి. మీ నాయనమ్మ మోకాళ్ళు వంకరపోయి, నడుము కొయ్యబారి, మెడ తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పవలసి రావడం నువ్వు పుట్టేనాటికే ఉంది కనుక, ముసలితనం అంటే అదేనని నువ్వు అనుకొని ఉంటావు. అది ముసలితనం కాదు, ఫ్లోరైడు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడనిది, మన బోర్లలో ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తేర్చే పద్ధతికి శాస్త్రవేత్తలు మన జిల్లా పేరే పెట్టి ప్రపంచమంతా చాటారు, మనం మాత్రం అవే బోరు నీళ్ళు తాగుతూ ఉన్నాం.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. కృష్ణ నీళ్ళ కోసం పోరాడుతున్న జలసాధన సమితి పిలుపు మీద రైతులు, కూలీలు, వంగిన కాళ్ళవాళ్ళు ఒక్కొక్కరు ఐదు వందల ధరావతు పోగుచేసి నామినేషన్లు వేశారు. నేను ఆ ఏడాది పోలింగు విధుల్లో ఉన్నాను. బ్యాలెట్ పత్రం అంటే పత్రం కాదు, పుస్తకం. ఓటరు దానిలో తన గుర్తు వెతుక్కుంటూ పేజీలు తిప్పుతుంటే బయట వరుస కదిలేది కాదు. ఒక ముసలాయన అరగంట తరువాత బయటికి వచ్చి, "సారూ, గింతమంది నిలవడ్డా మాకు నీళ్ళిచ్చెటోడు ఒక్కడు లేడా?" అని అడిగి వేలి సిరా చూసుకుంటూ వెళ్ళిపోయాడు. వారిలో దాదాపు అందరికీ ధరావతు పోయింది. గెలుస్తామని, ఢిల్లీలో కూర్చుంటామని వారిలో ఎవరూ అనుకోలేదు. పాలించాలన్న కోరిక ఏ కోశానా లేని వందలమంది, పాలకులను ఎన్నుకునే యంత్రంలోకి దూరి దాన్ని ఆగి తమవైపు చూసేలా చేశారు. ఇంతకంటే అరాజకమైన పని నా ఎరుకలో మన జిల్లాలో జరగలేదు, అదీ పోలింగు కేంద్రం లోపలే జరిగింది.

దానికి రాజ్యం ఏం చేసిందో కూడా చూడు. ఆ ఏడాదే చట్టం మార్చి, లోక్‌సభ అభ్యర్థి ధరావతును ఐదు వందల నుంచి పదివేలకు పెంచారు, స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. నల్లగొండ ఒక్కటే దానికి కారణం కాదు, తమిళనాడులో మొడకురిచ్చి శాసనసభ స్థానానికి ఆ ఏడాదే వెయ్యిమందికి పైగా నిలబడ్డారు. ఓటు వేయకుండా ఇంట్లో కూర్చున్నవారిని చూసి ఎవరూ ఏ చట్టమూ మార్చలేదు. తలుపుకు గడియ పెట్టారంటే మనం తట్టింది లోపల వినిపించిందనే అర్థం. నీళ్ళు మరునాడే రాలేదు. ఏళ్ళు పట్టింది, ఇంకా ఎన్నో ధర్నాలు పట్టాయి. సాగర్ వెనుక పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన కృష్ణ అక్కంపల్లి జలాశయం మీదుగా మన వీధి కుళాయికి వచ్చేసరికి నువ్వు బడికి వెళ్తున్నావు.

కనుక ఎవరి పెత్తనమూ లేని నీ ఇంటిని నేను చిన్నచూపు చూడడం లేదు కానీ, ఆ ఇంటి గోడల కింద ఏముందో నువ్వు మరిచిపోయావని మాత్రం అనుకుంటున్నాను. అమెరికాలో థోరో అనే రచయిత పన్ను కట్టనని 1846లో జైలుకు వెళ్ళాడు. ఒక్క రాత్రి గడిచేసరికి ఎవరో ఆ పన్ను కట్టేయడంతో మరునాడు బయటికి వచ్చాడు. నాకు ఆ కట్టిన మనిషి మీదే ఎక్కువ ఆసక్తి. నీ తరఫున ఆ పన్ను ఐదు వందల చొప్పున ఎవరెవరో కట్టారు. నీకు నెల తిరిగితే జీతం వస్తుంది, రేషన్ కార్డు లేకపోయినా గడుస్తుంది, సర్కారును పట్టించుకోకుండా బతకగలవు. పింఛను కోసం నెలనెలా వేలిముద్ర వేసే మనిషికి ఆ వెసులుబాటు లేదు. వ్యక్తిగత స్వేచ్ఛ ముందు, మిగిలినవి తరువాత అనే వారికీ, సమాజాన్ని మార్చకుండా తన బతుకు మార్చుకుంటే చాలదనే వారికీ మీలో మీకే తగువు ఉందని, 1995లో అమెరికా రచయిత ముర్రే బుక్చిన్ ఆ మొదటివారిని గట్టిగా దులిపాడని నువ్వే చెప్పావు. పెద్ద ఎన్నికలు వద్దు గానీ ఊరి స్థాయి ఎన్నికల్లో నిలబడవచ్చని ఆయన అన్నాడని కూడా నీ నోటే విన్నాను. మరి మన పంచాయతీ ఎన్నిక ఏ స్థాయిది?

నన్ను అడిగితే నేను గీసే గీత ఇది. కుర్చీలో కూర్చోవడానికి వెళ్ళేవారి విషయంలో నీ భయం సబబే, మాంట్సెనీ అయినా మన ఊరి వార్డు సభ్యుడైనా. కానీ కుర్చీలో ఉన్నవాణ్ణి కుదురుగా కూర్చోనివ్వకుండా ఉండడానికి ఓటును, నామినేషన్‌ను, గ్రామసభలో అడిగే ప్రశ్నను వాడుకోవడం లొంగిపోవడం కాదు. స్పెయిన్ కార్మిక సంఘం 1933లో ఓటు వేయవద్దని చాటింది, కుడిపక్షాలు గెలిచాయి. 1936 ఫిబ్రవరిలో ఆ ప్రచారం సడలించింది, ఎందుకంటే వేలమంది తమవాళ్ళు జైళ్ళలో ఉన్నారు, వామపక్షాలు ఎన్నిక గెలిస్తే ఆ తలుపులు తెరుచుకుంటాయి. తెరుచుకున్నాయి కూడా. వారి తప్పు ఫిబ్రవరిలో వేసిన ఓటు కాదు, నవంబరులో తీసుకున్న పదవులు.

ఇంటి సంగతులు. వేరుశనగ పీకడం అయిపోయింది, కాయ తక్కువ. మీ అమ్మ నీకోసం సకినాలు చేస్తానంటోంది, నువ్వు వచ్చినా రాకపోయినా ఎవరి చేతనైనా పంపుతుంది.

నాయనమ్మ ఓటు గురించి ఒక చిక్కు ఉంది. ఆమె వేళ్ళు ముడుచుకుపోయి ముద్ర పట్టుకోలేవు, చూపూ ఆనడం లేదు. అటువంటి ఓటరు వెంట పద్దెనిమిదేళ్ళు నిండిన ఒకరిని తోడు రానిస్తారు. ఆ తోడు ఆ రోజు ఇంకెవరికీ తోడుగా వెళ్ళకూడదు. నేను వస్తానంటే ఒప్పుకోలేదు, ముప్పయ్యేళ్ళు సర్కారు తరఫున కూర్చున్నవాడివి నీకు నా ఓటు ఎందుకు చూపాలి అంది. నువ్వైతేనే లోపలికి వస్తానంటోంది, లేకపోతే ఇంట్లోనే ఉంటుందట. నీ చీటీ, ఆమె చీటీ రెండూ నా దగ్గరే ఉన్నాయి. నీది నేను అడగను. దేవరకొండ బస్సు ఎక్కితే మాల్ అనే ఊరి దగ్గర దిగు, బండి తీసుకొని వస్తాను.

మీ నాయిన