తొమ్మిదో నంబరు ఖాళీ ఎవరి తప్పు?

సంపాదకులకు,

2027 ఆసియా కప్‌కి మన ఫుట్‌బాల్ జట్టు అర్హత పొందలేకపోవడంతో చర్చంతా తొమ్మిదో నంబరు స్థానంలో, అంటే ముందు వరస నడిమధ్యన గోల్ కొట్టే చోట, ఆడిన సునీల్ ఛెత్రీ వయసు చుట్టూ తిరుగుతోంది. తప్పు ఆయనది కాదు. 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో ఆడి ఆయన వీడ్కోలు చెప్పారు. ఆ నెలలోనే కోచ్ స్టిమాచ్‌ని తప్పించారు. తర్వాత వచ్చిన మనోలో మార్కెజ్ ఆ సీజనంతా గోవా క్లబ్ కోచ్‌గానూ కొనసాగారు. ఆయన హయాంలో ఎనిమిది మ్యాచ్‌లకు ఒక్కటే గెలుపు, అదీ నలభై ఏళ్ల ఛెత్రీని వెనక్కి పిలిపించాక మాల్దీవులపై. 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్ వచ్చారు. పద్నాలుగు నెలల్లో మూడో కోచ్!

జాతీయ కోచ్‌కి మ్యాచ్ ముందు దొరికేది మూడు నాలుగు రోజులే. బంతి చేజారగానే ముందు ఎవరు ప్రత్యర్థి మీదికి వెళ్లాలి, వెనక నలుగురు డిఫెండర్లూ ఎంత పైకి జరగాలి అన్నవి కాళ్లకు అలవాటు కావాలి. కోచ్ మారితే మళ్లీ మొదటికే. ఇద్దరు జరిగి ఇద్దరు ఆగిపోతే మధ్యలో ఖాళీ పడుతుంది, ప్రత్యర్థికి అది చాలు.

2024-25 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో ఛెత్రీ 14 గోల్స్ కొట్టారు, భారతీయుల్లో ఆయనదే మొదటి స్థానం. గోల్ కొట్టే నేర్పు ఎక్కడికీ పోలేదు. కానీ సెంటర్ ఫార్వర్డ్, అంటే ఆ తొమ్మిదో నంబరు ఆటగాడు, ప్రత్యర్థి మీదికి వెళ్లడంలో రెండడుగులు ఆలస్యమైతే, ఎదుటి స్టాపర్ (మధ్య డిఫెండర్) తలెత్తి చూసి మన మిడ్‌ఫీల్డ్ మధ్యలోంచి పాస్ ఇచ్చేస్తాడు. ఆ వయసు ఆటగాడు చివరి అరగంటకి బలం, తొంభై నిమిషాలకి భారం. వారసుడు ఎందుకు లేడంటే, క్లబ్బులు పదకొండు మందిలో నలుగురు విదేశీయుల్ని ఆడించవచ్చు, వాళ్లలో ఒకరికి దాదాపు ఎప్పుడూ దక్కేది తొమ్మిదో నంబరే. మన కుర్రాణ్ని వింగ్‌కి నెడతారు. దేశం తరఫున మాత్రం నడిమధ్యన ఆడమంటారు.

హైదరాబాదీ రహీం సాబ్ (సయ్యద్ అబ్దుల్ రహీం) 1951 ఆసియా క్రీడల్లో, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు కోచ్‌గా ఉన్నారు. జకార్తా ఫైనల్లో తలకి కుట్లున్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ముందుకి పంపి గోల్ రాబట్టారు. ఆటగాణ్ని ఏళ్లుగా ఎరిగిన కోచ్‌కే అంత ధైర్యం వస్తుంది.

ఫెడరేషన్‌ని కోరేది ఇదే. జాతీయ కోచ్‌కి క్లబ్ కొలువు ఉండకూడదు. ఆయన ఒప్పందం క్వాలిఫయర్స్ అన్నీ ముగిసేదాకా ఉండాలి. సీనియర్ తప్పుకోకముందే, ఆయన జట్టులో ఉండగానే, వారసుణ్ని కనీసం ఆరు మ్యాచ్‌లు మొదటి నిమిషం నుంచి ఆడించాలి.

- ఒక పాఠకుడు, సికింద్రాబాద్