కొత్తిమీర మీద చల్లే నీళ్లను ఒకసారి చూడండి

బెంగళూరు ఆహార భద్రతా అధికారి గారికి,

మా పేట మార్కెట్లో పొద్దున్నే కొత్తిమీర కట్టలు గోనెపట్టా మీద పరుస్తారు. వాడిపోకుండా పక్కనున్న బకెట్లో చేయి ముంచి నీళ్లు చిలకరిస్తారు. ఆ బకెట్ అడుగున మట్టి పేరుకుని ఉంటుంది. చేతులు కడిగేదీ అందులోనే. అమ్మే ఆవిడను అని లాభం లేదు, అక్కడ కుళాయి ఉంటేగా!

వంకాయ, బీరకాయ ఎలాగూ ఉడుకుతాయి, ఆ వేడికి ఈ.కోలై, సాల్మొనెల్లా లాంటి రోగాలు తెచ్చే క్రిములు చస్తాయి. కొత్తిమీర, కీరా అలా కాదు. మా పెరుగుపచ్చడిలోకీ, ఇక్కడివాళ్లు నానబెట్టిన పెసరపప్పుతో చేసే కోసంబరిలోకీ పచ్చివే వేస్తాం. ఎంత కడిగినా ఆకును పట్టుకున్న క్రిములు పూర్తిగా పోవు. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా ఈ.కోలై పాకి 50 మందికి పైగా చనిపోయారు. మెంతులండీ, మన పోపులపెట్టెలో ఉండేవే!

కూరల్లో పురుగుమందులున్నాయేమో చూడటానికి శాంపిళ్లు తీసేటప్పుడే ఆకుకూరలకూ, ఆ బకెట్ నీళ్లకూ ఈ.కోలై పరీక్ష చేయించండి. ఫలితాలు మార్కెట్ గేటు దగ్గర కన్నడంతో పాటు తెలుగు, తమిళంలోనూ అంటించండి. దయచేసి జరిమానాలతో మొదలుపెట్టకండి. ముందు క్లోరిన్ కలిపిన నీళ్లొచ్చే కుళాయి ఒకటి పెట్టించండి. మరుగుదొడ్డి దగ్గర సబ్బు కూడా.

ఇట్లు,
ఇక్కడే కాపురముంటున్న ఒక తెలుగు గృహిణి