డైవ్ కంప్యూటర్ ఫిర్యాదుకు ఐదు నెలలుగా జవాబు ఇవ్వకపోవడం గురించి

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

నమస్కారం. నేను విశాఖపట్నంలో ఉన్నత పాఠశాల భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడిని. 2016లో, నలభై ఒకటో ఏట, మీ సంస్థ శిక్షకుల దగ్గరే స్కూబా, అంటే గాలి సిలిండరుతో నీటి అడుగున ఈదడం, నేర్చుకున్నాను. నా మాస్కు, కాళ్ళకు తొడిగే ఫిన్స్, సిలిండరు గాలిని నోటికి అందించే రెగ్యులేటర్, చివరికి లోతూ సమయమూ చూసుకోవడానికి చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్, నిరుడు దసరాకు కొన్నది, అన్నీ మీ దగ్గర కొన్నవే. మా బడిలో తోటి ఉపాధ్యాయుల నుంచి, మా బంధువుల నుంచి ఏడుగురిని నా మాట మీద మీ దగ్గరికి పంపించాను. తొమ్మిదేళ్ళుగా మిమ్మల్ని నమ్మిన మనిషికి ఐదు నెలల్లో ఒక్క సూటి జవాబు కూడా దొరకలేదని రాయవలసి వస్తున్నందుకు నాకు నిజంగా బాధగా ఉంది.

జనవరి 18 ఉదయం అండమాన్‌లోని షహీద్ ద్వీపంలో, మనం ఇప్పటికీ నీల్ అనే పిలుచుకునే ఆ చిన్న దీవిలో, జెట్టీకి దగ్గరలో ఉన్న లోతు తక్కువ పగడపు దిబ్బ మీద నేను, మా అమ్మాయి, ఒక గైడు డైవ్ చేశాం. సర్టిఫికెట్ చేతికొచ్చాక మా అమ్మాయికి అదే మొదటి డైవ్. ఎనిమిది మీటర్ల లోతులో ఉండగా నా చేతికున్న కంప్యూటర్ తెర ఉన్నట్టుండి ఆరిపోయింది. ఎంత లోతులో ఉన్నామని అమ్మాయి సైగ చేసి అడిగితే నేను జవాబు చెప్పలేకపోయాను. గైడు తన కంప్యూటర్ చూసుకుంటూ మమ్మల్ని నెమ్మదిగా పైకి తెచ్చాడు. ఎవరికీ ఏమీ కాలేదు. యంత్రమన్నాక చెడిపోతుంది, అంతవరకు నాకు మీ మీద కోపం లేదు.

కోపం ఆ తరువాత మొదలైంది. జనవరి 21న మీ సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే, మాట్లాడిన అబ్బాయి నేను చెప్పినదంతా విని, ఫిర్యాదు నంబరు ఇచ్చి, రెండు రోజుల్లో సాంకేతిక విభాగం వాళ్ళు ఫోన్ చేస్తారన్నాడు. తొమ్మిది రోజులు ఎదురుచూసి నేనే మళ్ళీ చేశాను. ఈసారి వేరొకరు ఎత్తి, పాత నంబరు తమకు కనిపించడం లేదంటూ కథంతా మొదటినుంచి చెప్పించుకుని, కొత్త నంబరు ఇచ్చి, వస్తువును కొరియర్‌లో పంపమన్నారు. ఫిబ్రవరి 3న పంపాను. 6న అందినట్టు మీ కార్యాలయంలో సంతకం చేసిన రసీదు నా దగ్గర ఉంది.

ఫిబ్రవరి చివరలో ఒకామె ఫోన్ చేసి, లోపలికి నీళ్ళు చేరాయని, నీటి వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదని చెప్పారు. అది నీటిలో వాడడానికే తయారైన వస్తువు కదమ్మా అని మర్యాదగానే అడిగాను. పై అధికారికి కలుపుతానని చెప్పి, పదిహేను నిమిషాలు సంగీతం వినిపించి, లైను కట్ చేశారు. మార్చి మొదటి వారంలో చేసినప్పుడు, ఎక్కడ కొన్నారో అక్కడే అడగమన్నారు. మీ దగ్గరే కొన్నానని బిల్లు నంబరు చదివి వినిపిస్తే, అమ్మకాల విభాగం వేరు, సేవా విభాగం వేరు అన్నారు. అమ్మకాల వాళ్ళు మళ్ళీ సేవా విభాగానికే పంపారు. ఏప్రిల్‌లో ఇంకొకరు, చెడిపోయిన తెరను ఫొటో తీసి పంపమన్నారు. అది రెండు నెలలుగా మీ దగ్గరే ఉందని చెబితే, అటువంటిదేదీ మాకు చేరలేదన్నారు. రసీదు పంపాను, దానికి జవాబు లేదు. మే 9న మాత్రం ఒక సందేశం వచ్చింది: నా సమస్య పరిష్కారమైందట, సేవ ఎలా ఉందో నక్షత్రాలు ఇచ్చి తెలపాలట. ఇప్పటికి పదకొండు ఫోన్లు, ఆరు ఉత్తరాలు, నాలుగు ఫిర్యాదు నంబర్లు. ఇన్నింటిలో ఒక్కరైనా, ఆ రోజు నీళ్ళలో మీకేమైనా అయిందా అని అడగలేదు.

వీటన్నిటికన్నా నన్ను గాయపరచినది మీ పర్యవేక్షకుడి మాట. ఎనిమిది మీటర్లే కదా సార్, అంత లోతు తక్కువ చోట కంప్యూటర్ లేకపోతే మాత్రం ఏమవుతుంది, అన్నాడాయన. స్కూబా సామాను అమ్మే సంస్థలో బాధ్యత గల మనిషి అనదగిన మాట కాదది. నీటి ఉపరితలం దగ్గర ఒక వాతావరణ పీడనం ఉంటే పది మీటర్ల లోతుకు అది రెండవుతుంది, ఆపైన ప్రతి పది మీటర్లకు ఇంకొకటి చేరుతుంది. పీడనం తగ్గేకొద్దీ గాలి వ్యాకోచిస్తుంది. అందువల్ల ముప్ఫై మీటర్ల నుంచి ఇరవైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తులలోని గాలి మూడో వంతు మాత్రమే పెరిగితే, చివరి పది మీటర్లలో రెట్టింపవుతుంది. ఊపిరి బిగబట్టి పైకి వచ్చేవాడికి ఊపిరితిత్తులు చిట్లే ప్రమాదం ఆ పైనున్న నీళ్ళలోనే ఎక్కువ. ఎంత వేగంగా పైకి వస్తున్నామో హెచ్చరించేది ఆ కంప్యూటరే. ఈ పాఠం నాకు మొదటి రోజు నేర్పింది మీ శిక్షకుడే, దాన్నే నేను ఏటా పిల్లలకు బాయిల్ నియమం చెప్పేటప్పుడు ఉదాహరణగా చెబుతున్నాను.

జెట్టీ దగ్గరైతే జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. ఫెర్రీలు వచ్చిపోయే చోటు కాబట్టి ఏ వేళకు నీళ్ళలోంచి బయటికి రావాలో ముందే లెక్క కట్టుకుని దిగుతాం. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు, అంటే గాలిలో కన్నా నాలుగు రెట్లకు పైగా వేగంతో ప్రయాణిస్తుంది కనుక, అది రెండు చెవులకూ దాదాపు ఒకేసారి చేరి, ఇంజను మోత ఏ దిక్కు నుంచి వస్తున్నదో మనిషికి తెలియదు. తెర ఆరిపోయిన తరువాత నాకు సరిగ్గా అటువంటి మోత వినిపించింది. పక్కన నా బిడ్డ ఉంది. పడవ ఎటు నుంచి వస్తున్నదో, మేము దిగి ఎంతసేపయిందో, తల పైన ఎన్ని మీటర్ల నీళ్ళు ఉన్నాయో నాకు తెలియని ఆ రెండు మూడు నిమిషాలను మీ పర్యవేక్షకుడు ఏమీ కాదని తేల్చేశాడు.

మీరు కొత్త కంప్యూటర్ ఇస్తారా, డబ్బు తిరిగి ఇస్తారా అన్నది మీ నిర్ణయానికే వదిలేస్తున్నాను. నా వస్తువు ఇప్పుడు ఎక్కడ ఉందో, అది ఎందుకు ఆరిపోయిందో, అదే రకం కంప్యూటర్ కొన్న ఇతరులకు మీరు ఈ సంగతి చెప్పారో లేదో, బాధ్యత గల ఒక వ్యక్తి తన పేరు, సంతకంతో నాకు రాసి పంపాలి. ఎనిమిది మీటర్లే కదా అన్న మాటకు క్షమాపణ కూడా ఆ ఉత్తరంలోనే ఉండాలి.

ఈ నెల 30లోగా అది నాకు అందకపోతే 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో ఫిర్యాదు నమోదు చేయిస్తాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు కాబట్టి, మీ ప్రతినిధి విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్ ముందుకు రావలసి ఉంటుంది. వచ్చే డిసెంబరులో నాతో అండమాన్ రావడానికి సిద్ధమైన నలుగురు ఉపాధ్యాయులకు ఈ ఉత్తరం ప్రతి ఇప్పటికే ఇచ్చాను. వాళ్ళు సామాను ఎక్కడ కొనాలో ఇంకా తేల్చుకోలేదు. బిల్లు, కొరియర్ రసీదు, మీ నాలుగు ఫిర్యాదు నంబర్లు ఇందుతో జతచేస్తున్నాను.

ఇట్లు,
2016 నుంచి మీ ఖాతాదారు,
విశాఖపట్నం,
జూన్ 12