ఒత్తిడి తగ్గించే గేమ్‌లు: వార్త రాసేముందు అడగాల్సిన వివరాలు

సంపాదకులకు నమస్కారం.

ఫలానా కాలేజీ విద్యార్థులు ఒత్తిడిని తగ్గించే మొబైల్ గేమ్ తయారు చేశారన్న వార్తలు తరచూ వస్తున్నాయి. ర్యాంకుల గోలలో నలిగిపోతున్న పిల్లలున్న మన రెండు రాష్ట్రాల్లో ఈ పని జరగాలి, ఇంకా ఎక్కువ జరగాలి. కానీ ఎందరు ఆడారు, ఎందరు మధ్యలో మానేశారు, ఎవరితో పోల్చి చూశారు, ఆడించింది గేమ్ ఏ వెర్షన్ అన్న నాలుగు సంగతులు ఆ వార్తల్లో దాదాపు ఉండవు. అవి తెలియకుండా 'తగ్గిస్తుంది' అన్న మాట వాడకూడదని మా అభిప్రాయం.

ఈ రంగంలో గట్టి పరిశోధన అంటే ముందుగా న్యూజిలాండ్ 'స్పార్క్స్' గురించి చెప్పుకోవాలి. ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో శాలీ మెర్రీ బృందం కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీని (ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మానసిక చికిత్సను) ఏడు మజిలీల ఫాంటసీ ఆటగా మలిచింది. డిప్రెషన్ స్వల్పంగానో మధ్యస్థంగానో ఉండి సాయం కోరి వచ్చిన 12–19 ఏళ్ల వాళ్లు 187 మంది. లాటరీ పద్ధతిలో వాళ్లలో 94 మందికి ఆట ఇచ్చారు, 93 మందికి అక్కడ మామూలుగా అందే చికిత్స ఇచ్చారు. 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన నిర్ధారణ చాలా పొదుపైనది: మామూలు చికిత్సకు ఆట తీసిపోదు, అంతే. నియమం ప్రకారం కొనసాగినవాళ్ల లెక్కలో ఆట గుంపులో 43.7 శాతం మంది, రెండో గుంపులో 26.4 శాతం మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు. ఏడు మజిలీలూ పూర్తిచేసినవాళ్లు సుమారు 60 శాతం. ట్రయల్ దాటి జనంలోకి వెళ్లాక ఇలాంటి కార్యక్రమాల పరిస్థితి ఏమిటని 2018లో ఒక సమీక్ష చూసింది. పూర్తిచేసేవాళ్లు, లేదా ఆరు వారాల తర్వాతా వాడుతున్నవాళ్లు 0.5 శాతం నుంచి 28.6 శాతం దాకా మాత్రమే తేలారు. మానేసినవాళ్ల సంఖ్య ముందు అడగమనడం ఇందుకే.

పోలిక గుంపు ఎందుకో అమెరికా ఉదాహరణ చెబుతుంది. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతిచురుకుదనం) ఉన్న 8–12 ఏళ్ల పిల్లల కోసం 2020లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన ఎండెవర్‌ఆర్‌ఎక్స్ అనే గేమ్‌ను 348 మందితో పరీక్షించారు: రోజుకు 25 నిమిషాలు, వారానికి 5 రోజులు, 4 వారాలు. రెండో గుంపుకు కూడా ఒక పదాల ఆట ఇచ్చారు. కంప్యూటర్‌పై కొలిచే ఏకాగ్రత పరీక్షలో అసలు ఆటదే పైచేయి. అయితే ఏడీహెచ్‌డీ లక్షణాల స్కోరు రెండు గుంపుల్లోనూ మెరుగుపడింది, రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పదాల ఆట గుంపే లేకపోతే ఆ మెరుగుదల అంతా కొత్త ఆట ఖాతాలో పడిపోయేది.

మన దగ్గర ఎక్కువగా జరిగేది వేరు. ఇంటర్నల్స్ వారంలో ముప్పై మందికి ప్రశ్నావళి, రెండు వారాలు ఆట, సెలవుల నుంచి వచ్చాక మళ్లీ ప్రశ్నావళి. పరీక్షలు అయిపోతే ఒత్తిడి ఎలాగూ తగ్గుతుంది. మధ్యస్థమైన ప్రభావాన్ని, అంటే 0.5 ఎఫెక్ట్ సైజును (గుంపుల సగటుల తేడాను స్కోర్ల మామూలు హెచ్చుతగ్గులతో పోల్చే కొలత), 80 శాతం పవర్‌తో (ప్రభావం నిజంగా ఉంటే నూటికి ఎనభైసార్లు దొరికేలా) పట్టుకోవాలంటే గుంపుకు 64 మంది కావాలి. 30 శాతం మానేస్తారనుకుంటే 92 మందితో మొదలుపెట్టాలి. ప్రభావం 0.3 అయితే గుంపుకు 176, మానేసేవాళ్లను కలుపుకుంటే 252. పైగా హాస్టల్లో ఒకే గదిలో ఒకరికి ఆట ఇచ్చి ఇంకొకరికి ఇవ్వకపోతే సాయంత్రానికి ఏపీకే ఫైలు వాట్సాప్‌లో చేతులు మారుతుంది. కాబట్టి సెక్షన్లకు సెక్షన్లనే విడదీయాలి. అప్పుడు లెక్క మళ్లీ పెరుగుతుంది. సెక్షన్‌కు 30 మంది, ఒకే సెక్షన్ వాళ్ల జవాబులు ఒకదాన్నొకటి పోలి ఉండే కొలత (సున్నా అంటే పోలికే లేదు) 0.05 అనుకుంటే 2.45 రెట్లు: రెండు గుంపులకూ కలిపి 128 మంది కావాల్సిన చోట 314 మంది.

ఇక మనస్తత్వ శాస్త్రవేత్తలు కోడ్ సంగతి ప్రోగ్రామర్లకు, ప్రోగ్రామర్లు కొలతల సంగతి వాళ్లకు వదిలేసే చోటు ఉంది. చాలా అధ్యయనాలు పాడయ్యేది అక్కడే. శ్వాస వ్యాయామమే తీసుకోండి. నాలుగు సెకన్లు పీల్చడం, ఆరు సెకన్లు వదలడం. అంటే నిమిషానికి ఆరు శ్వాసలు. తెరపై వలయాన్ని కాలంతో కాకుండా ఫ్రేముల లెక్కతో కదిలిస్తే, సెకనుకు 60 ఫ్రేములు (తెరపై మారే చిత్రాలు) చూపే ఫోన్‌లో 240 ఫ్రేములు నాలుగు సెకన్లే. అదే కోడ్ 30 ఫ్రేములే అందే పాత ఫోన్‌లో ఎనిమిది సెకన్లు పీల్చమంటుంది, పిల్లలకు ఊపిరి బిగిసిపోతుంది. సెకనుకు 120 ఫ్రేములు చూపే 120 హెర్ట్జ్ తెరపై రెండు సెకన్లకే వదలమంటుంది, నిమిషానికి పన్నెండు శ్వాసలవుతాయి. పేపర్లో మాత్రం అందరికీ ఒకే వ్యాయామం ఇచ్చినట్టు ఉంటుంది. గడిచిన కాలం ఆధారంగా కదలిక రాసి, రెండు జీబీ ర్యామ్ ఫోన్ మీద స్టాప్‌వాచ్‌తో సరిచూస్తే ఈ లోపం పదినిమిషాల్లో దొరుకుతుంది. కంప్యూటర్‌పై ఫోన్‌ను అనుకరించే ఎమ్యులేటర్లో దొరకదు.

లాగ్‌లదీ, అంటే ఎవరు ఎప్పుడు ఎంతసేపు ఆడారో యాప్ రాసుకునే నమోదులదీ, ఇదే కథ. రోజువారీ బహుమతి కోసం ఫోన్ తేదీ మార్చుకునేవాళ్లు ఉంటారు, కనుక ఆడిన సమయాన్ని ఫోన్ గడియారంతో కొలవకూడదు. ఆట తెరిచి ఉంచి భోజనానికి వెళ్తే అది కూడా ఆడిన సమయంగా పడుతుంది. తెర ఆరినా, వేరే యాప్‌కు వెళ్లినా లెక్క ఆగాలి. సర్వర్ యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనకున్న అంతర్జాతీయ సమయంలో) ఉంటే దాని 'రోజు' మనకు తెల్లవారుజామున 5.30కి మారుతుంది. అర్ధరాత్రి దాటాక ఆడినది ముందురోజు కింద పడుతుంది. యాప్ తీసేసి మళ్లీ పెట్టుకున్నవాళ్లు ఇద్దరుగా నమోదవుతారు, అందుకే డివైస్ నంబరు మీద ఆధారపడకుండా ఒక్కొక్కరికి ఒక కోడ్ ఇవ్వాలి. చవక ఫోన్లలో బ్యాటరీ సేవర్ వెనకాల జరిగే అప్‌లోడ్‌ను చంపేస్తుంది. డేటాను ఫోన్‌లోనే దాచి, మళ్లీ తెరిచినప్పుడు పంపాలి. ప్రతి సంఘటనకూ ప్రత్యేక సంఖ్య ఉంటే రెండుసార్లు వచ్చినదాన్ని సర్వర్ వదిలేస్తుంది. ట్రయల్ మొదలయ్యాక కొత్త లెవెల్ చేర్చకూడదు. తప్పనిసరి సవరణ చేస్తే ప్రతి లాగ్‌లోనూ వెర్షన్ సంఖ్య ఉండాలి.

తెలుగులో చేసేవాళ్లకు ఇంకో చిక్కు. చాలా గేమ్ ఇంజిన్ల మామూలు టెక్స్ట్ పనిముట్లు ఒత్తులను సరిగ్గా కూర్చలేవు, అక్షరాలు విడిపోతాయి. విసిగిపోయి వాక్యాలను బొమ్మలుగా అతికిస్తారు. ఆ తర్వాత కౌన్సెలర్ ఒక్క మాట మార్చమన్నా మార్చలేరు. మొదటి వారంలోనే లిపిని సరిగా కూర్చే లైబ్రరీని పెట్టుకోవాలి.

వరుసగా రోజులు ఆడితే పతకం, ఒక్కరోజు తప్పితే సున్నా అనే పద్ధతిని ఇలాంటి ఆటల్లో పూర్తిగా తీసేయాలని గట్టిగా కోరుతున్నాం. డిప్రెషన్‌లో ఉన్న పిల్లకు లేవడమే కష్టమైన రోజున ఆట కూడా 'ఓడిపోయావు' అని చెప్పకూడదు.

అన్నిటికంటే ముఖ్యం, డిప్రెషన్‌ను కొలిచే తొమ్మిది ప్రశ్నల ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న. చనిపోతే బాగుండునన్న ఆలోచనలు, తనను తాను గాయపరచుకోవాలన్న ఆలోచనలు ఎంత తరచుగా వస్తున్నాయని అడుగుతుంది. ఆ ప్రశ్నను యాప్‌లో పెట్టి, జవాబులను సెమిస్టర్ చివర ఎక్సెల్లో తెరిచి చూసే అధ్యయనం చేయకూడదు. అక్కడ సున్నా కాకుండా ఏ జవాబు వచ్చినా తెరపై వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ నంబరు 14416 కనిపించాలి. ఆ నంబరు నెట్ లేకున్నా పనిచేసేలా ఫోన్‌లోనే ఉండాలి. రాత్రి రెండు గంటలకు వచ్చే హెచ్చరిక ఎవరి ఫోన్‌కు వెళ్తుందో, వాళ్లు ఎంతసేపట్లో స్పందించాలో నైతిక కమిటీకి ఇచ్చే పత్రంలోనే రాసి ఉండాలి. ఆ దారిని ట్రయల్‌కు ముందు దొంగ జవాబులతో, నెట్ తీసేసి, రాత్రిపూట కూడా పరీక్షించాలి. ఇంటర్ పిల్లల్లో అత్యధికులు 18 లోపువాళ్లే, 2023 డేటా రక్షణ చట్టం వాళ్ల విషయంలో తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతిని కోరుతుంది. హాజరు పట్టీ మీద సంతకం సమ్మతి అవదు.

మీ విలేకరులకు ఒక విన్నపం. ఇలాంటి గేమ్ గురించి ప్రకటన వచ్చినప్పుడు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియా నంబరు, మొదటి వ్యక్తి చేరకముందే ఆ నమోదు జరిగిందో లేదో, మొదలుపెట్టినవాళ్లు, చివరిదాకా ఉన్నవాళ్లు ఎందరో అడిగి వార్తలోనే వేయండి. అవేవీ లేకపోతే 'విద్యార్థులు ఒక గేమ్ తయారు చేశారు' అని రాయండి, అదీ చెప్పుకోదగ్గ వార్తే.

— సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ అధ్యాపకులు, హైదరాబాద్